గైడ్ గారు వద్దంటున్నారు, నా పేపర్‌లోని తప్పు జర్నల్‌కు చెప్పాలా?

ఈ ఉత్తరం రాసినావిడ ఒక రాష్ట్ర యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఐదో ఏడు నడుస్తోంది. ఫెలోషిప్ ఇంకొన్ని నెలల్లో ఆగిపోతుంది. పేరు, ఊరు బయట పెట్టొద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న ఒకట్రెండు వివరాలు కూడా మార్చాను.

రెండేళ్ల కిందట ఆవిడ ఫస్ట్ ఆథర్‌గా ఒక పేపర్ వచ్చింది. పసుపు నుంచి తీసిన ఒక పదార్థం క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తుందన్నది విషయం. పేరున్న జర్నలే. పేపర్ మీద ఐదు పేర్లున్నాయి: ఈవిడ, అప్పట్లో ల్యాబ్‌లో ఉన్న ఒక సీనియర్, డిపార్ట్‌మెంట్ హెడ్, ఈవిడ ఎన్నడూ చూడని వేరే కాలేజీ ప్రొఫెసర్, చివర కరెస్పాండింగ్ ఆథర్‌గా, అంటే జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే రచయితగా గైడ్. అందులోని వెస్టర్న్ బ్లాట్లన్నీ, అంటే శాంపిల్‌లో ఏ ప్రోటీన్ ఎంత ఉందో బ్యాండ్లు అనే గీతల్లా చూపించే బొమ్మలన్నీ, సీనియర్ చేసినవి. ఆయన ఇప్పుడు అమెరికాలో పోస్ట్‌డాక్‌గా ఉన్నారు.

థీసిస్ కోసం బొమ్మలు సర్దుకుంటూ ఒక రాత్రి స్క్రీన్ మీద పెద్దవి చేసి చూస్తే, ఫిగర్ 3లో పోలిక కోసం చూసే ఆక్టిన్ అనే ప్రోటీన్ వరుసలో ఎడమ నుంచి మూడో బ్యాండ్ కింద ఆవగింజంత తెల్ల మచ్చ కనిపించింది. ఫిగర్ 5లోనూ అదే మచ్చ ఉంది, కాకపోతే కుడి నుంచి మూడో బ్యాండ్ కింద. ఒక బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి రెండోదానికి ఆనిస్తే బ్యాండ్ల అంచులతో సహా సరిపోయాయి. కింద రాసినదాన్ని బట్టి ఆ రెండూ వేర్వేరు ప్రయోగాలు.

గైడ్‌కు చూపిస్తే ఆయన అన్న మాటలివి: "ఉట్టి ఆక్టినే కదమ్మా, దానివల్ల రిజల్ట్ ఏం మారదు. రెండేళ్లలో ఎవరూ అడగలేదు, నువ్వే కెలుక్కుంటావా?" రెండోసారి కదిపితే, "అంత అనుమానంగా ఉంటే ఆ డేటాతోనే ఇంకో పేపర్ రాసి వేరే జర్నల్లో వేయిద్దాం, డబ్బు కడితే పది రోజుల్లో వస్తుంది. పేపర్ లేకుండా థీసిస్ ఎలా సబ్మిట్ చేస్తావ్?" అన్నారట.

చివర్లో ఆవిడ ఇలా రాశారు: "సార్ చెడ్డవారు కారు. నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు డబ్బు సర్దింది ఆయనే. ఆయన మీద ఫిర్యాదు చేయలేను. అలాగని ఆ బొమ్మను థీసిస్‌లో పెట్టలేకపోతున్నాను. ఆ బ్లాట్ నేను చేయలేదు. అయినా తప్పు నాదే అవుతుందా? చెబితే నా పీహెచ్‌డీ ఏమవుతుంది?"

* * *

అమ్మా, ముందుగా ఒక విషయం. మీరు చూసింది మోసమో పొరపాటో ఇంకా ఎవరికీ తెలియదు. మీకూ తెలియదు. ఈ సంగతి గట్టిగా పట్టుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది, ఎందుకంటే ఇప్పుడు మీ పని ఎవరినో దోషిగా నిలబెట్టడం కాదు. రెండు బొమ్మలు ఒకటేనా, ఒకటైతే ఎందుకయ్యాయి అని తేల్చుకోవడం వరకే.

బ్లాట్లతో పనిచేసేవారికి తెలిసిన అమాయకమైన కారణాలు రెండున్నాయి. ప్రోటీన్లను ఎక్కించిన పలచని పొరను మెంబ్రేన్ అంటారు. ఒకే మెంబ్రేన్‌ను కడిగి, మళ్ళీ వేరే యాంటీబాడీ వేసి రెండు మూడు ప్రోటీన్లు చూస్తారు. అప్పుడు వాటన్నిటికీ ఆక్టిన్ ఒక్కటే అవుతుంది. అదే బొమ్మ రెండు ఫిగర్లలో రావచ్చు, ఆ మాట కింద రాయాలి, అంతే. ఇక తిరగబడటం అంటారా, మెంబ్రేన్‌ను బోర్లా పెట్టి ఫొటో తీసినా బొమ్మ అద్దంలోలా వస్తుంది. ఈ రెండూ కలిసి జరిగి ఉంటే మీ పేపర్‌కు కావలసింది రెండు వాక్యాల సవరణ మాత్రమే. అయితే ఫిగర్ 3, ఫిగర్ 5 వేర్వేరు ప్రయోగాలని, వేర్వేరు డోసులని పేపరే చెబుతోంది కాబట్టి ఆ అవకాశం తక్కువేనని నా అనుమానం. తప్పుడు ఫైల్ అతికించి ఉండవచ్చు, కావాలనే చేసి ఉండవచ్చు. తేల్చేవి అసలు ఫైళ్ళే.

"ఉట్టి ఆక్టినే" అన్న మాట దగ్గర మాత్రం మీ సార్‌తో నేను ఏకీభవించలేను. ప్రతి గుంటలోనూ ఒకే మోతాదులో ప్రోటీన్ వేశామని చూపించేది ఆక్టినే. పక్కన గీసిన బార్ గ్రాఫులో మీ ప్రోటీన్ సగానికి తగ్గిందని చూపించారంటే, ఆ సగం లెక్క వచ్చింది ఆక్టిన్‌తో భాగిస్తేనే. ఆక్టిన్ వేరే ప్రయోగానిదైతే ఆ గ్రాఫ్‌కు ఆధారం లేదు. ప్రోటీన్ తగ్గిందా లేక ఆ గుంటలో తక్కువ వేశారా అన్నది చదివేవాళ్ళు తెలుసుకోలేరు. మీ పేపర్ చూసి ఇంకెక్కడో ఒక విద్యార్థి అదే డోసుతో నెలల తరబడి పని మొదలుపెట్టి ఉండవచ్చు. ఫలితం నిజంగానే సరైనదై ఉండవచ్చు కూడా. అలాగైతే సరైన ఆక్టిన్ పెట్టి చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. బ్లాట్ మీరు చేయలేదు కాబట్టి మోసం జరిగి ఉంటే చేసింది మీరు కాదు. కానీ జవాబుదారీ మాత్రం మీకూ ఉంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. పనిలో గణనీయమైన భాగం ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, పేపర్‌లో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా అది సరిగ్గా విచారించి తేల్చేలా చూసే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి చాలదు. మీరు ఫస్ట్ ఆథర్. నాలుగో షరతు మీకు ఈ నెలలోనే అమలులోకి వచ్చింది, తెలిసిన క్షణం నుంచి. నిన్నటిదాకా తెలియకపోవడం నేరం కాదు. తెలిశాక ఏం చేశారన్నదే రేపు ఎవరైనా అడిగేది.

మీ కోర్సువర్క్‌లో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ పేపర్ రాసే ఉంటారు. యూజీసీ దాన్ని 2019 చివర్లో పీహెచ్‌డీ చేసే అందరికీ తప్పనిసరి చేసింది, రెండు క్రెడిట్లు. ఆ నోట్సు బయటికి తీయండి. గైడ్‌తో మాట్లాడేటప్పుడు "నాకు ఇలా అనిపిస్తోంది సార్" అనేకంటే "మనకు కోర్సులో ఇలా చెప్పారు సార్" అనడం మీకు తేలిక, ఆయనకూ తేలిక.

ఇక చేయాల్సిన పనులు. ఎవరికీ ఏమీ రాయకముందే అసలు ఫైళ్ళు వెతకండి. ల్యాబ్‌లో ఇమేజింగ్ మెషిన్‌కు ఉన్న కంప్యూటర్‌లో ఆ మెషిన్ సొంత ఫార్మాట్‌లో ఫైళ్ళు ఉంటాయి, వాటిలో తేదీ, ఎక్స్‌పోజర్ సమయం ఉంటాయి. పేపర్‌కు వాడిన కత్తిరించిన బొమ్మలకంటే అవే ముఖ్యం. సీనియర్ ల్యాబ్ నోట్‌బుక్‌లో ఆ తేదీల పేజీలు చూడండి. ఏ గుంటలో ఏ శాంపిల్ వేశారో రాసి ఉంటే, ఫిగర్ 3, ఫిగర్ 5 ఒకే మెంబ్రేనో కాదో ఆ రెండు పేజీలే చెబుతాయి. కాపీలు తీసుకోండి, అసలువి కదిలించకండి. నోట్‌బుక్ ల్యాబ్ సొత్తు, దాన్ని హాస్టల్‌కు తీసుకెళ్తే రేపు తప్పు మీ వైపు తిరుగుతుంది. ఏ ఫైలూ తెరిచి సేవ్ చేయకండి, తేదీ మారిపోతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఇలాంటప్పుడు ల్యాబుల్లో వచ్చే మొదటి ఆలోచన "మళ్ళీ ఒక బ్లాట్ వేసి ఆ బొమ్మ పెట్టేద్దాం" అన్నది. ప్రయోగం మళ్ళీ చేయడం మంచిదే, జర్నల్ అడగవచ్చు కూడా. కానీ ఈ నెలలో చేసిన బ్లాట్‌ను రెండేళ్ల నాటిదని పంపితే అది కల్పించిన డేటా అవుతుంది. ఇప్పటిదాకా మీరు చేయని తప్పు అప్పుడు మీరు చేసినట్టవుతుంది. కొత్తది ఎప్పుడు పంపినా "ఫలానా తేదీన మళ్ళీ చేసినది" అని దాని మీద ఉండాలి.

తర్వాత సీనియర్‌కు ఒక మెయిల్. నిందలా కాకుండా మామూలుగా అడగండి: "అన్నయ్యా, థీసిస్ బొమ్మలు సర్దుతుంటే మన పేపర్ ఫిగర్ 3, ఫిగర్ 5లలో ఆక్టిన్ ప్యానెళ్ళు ఒకేలా కనిపిస్తున్నాయి. రెండూ ఒకే మెంబ్రేనా? అసలు ఫైళ్ళు మీ దగ్గరుంటే పంపగలరా?" ఇంతకుమించి ఒక్క మాట వద్దు. ఆయన "అయ్యో, తప్పుడు ఫైల్ పెట్టినట్టున్నాను, ఇదిగో సరైనది" అంటే మీ దారి సుగమమైంది. జవాబు రాకపోయినా, "అవన్నీ ఎప్పుడో డిలీట్ అయ్యాయి" అన్నా అదీ ఒక సమాచారమే. ఫోన్‌లో అడగకండి. రేపు ఎవరైనా విచారిస్తే, మీరు ఎప్పుడు గమనించారు, ఎలా అడిగారు అన్నదానికి ఆ మెయిల్ ఒక్కటే సాక్ష్యం.

ఆ తర్వాత మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది.

ఊరుకోవడం ఒక దారి. మీ సార్ చెప్పింది అదే. రెండేళ్లలో ఎవరూ అడగని మాట నిజమే, ఇంకో రెండేళ్లు కూడా అడగకపోవచ్చు. కానీ ఎవరూ చూడరన్న భరోసా ఈ రోజుల్లో లేదు. ఎలిజబెత్ బిక్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు సహచరులు 1995 నుంచి 2014 దాకా 40 జర్నళ్ళలో వచ్చిన 20,621 పేపర్లలోని బొమ్మలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. 3.8 శాతం పేపర్లలో బొమ్మలు తేడాగా ఉన్నాయి, వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టు కనిపించాయి. ఆవిడ చూసింది కంటితోనే. ఇప్పుడు అదే పనికి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, పెద్ద ప్రచురణ సంస్థలు వాడుతున్నాయి. పబ్‌పీర్ అనే సైట్‌లో 2012 నుంచి పేరు చెప్పకుండానే ఎవరైనా ఏ పేపర్ మీదైనా ప్రశ్న పెట్టవచ్చు. మీకు ఉద్యోగం వచ్చాక, మీ కింద ఇద్దరు స్కాలర్లు చేరాక ఆ ప్రశ్న వస్తే అప్పుడు "నాకు తెలియదు" అనలేరు, ఎందుకంటే తెలుసు. ఊరుకోవడంలో అసలు ఖర్చు నాకు కనిపించేది ఇదే. పైగా అదే బొమ్మ థీసిస్‌లోకి వెళితే అది థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో అందరికీ తెరిచి ఉంటుంది, దాని మీద రచయిత పేరు ఒక్కటే, మీది.

చాలామంది ధైర్యం తెచ్చుకునేది ప్లేజరిజం రిపోర్ట్ చూసి. "సిమిలారిటీ తొమ్మిది శాతమే వచ్చింది" అంటారు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేని మాట నిజం. కానీ ఆ సాఫ్ట్‌వేర్ వాక్యాలు పోలుస్తుంది. మీ ఆక్టిన్ బ్యాండ్ల సంగతి దానికి తెలియదు.

గైడ్ ద్వారానే సవరణ కోరడం రెండో దారి. మీ స్థానంలో ఎవరున్నా ముందు ఇదే ప్రయత్నించమంటాను. కరెస్పాండింగ్ ఆథర్ ఆయన కాబట్టి జర్నల్ వినేది ముందుగా ఆయన మాటే. ఎడిటర్‌కు ఆయన ఒక ఉత్తరం రాస్తారు: ఫలానా ఫిగర్లో తప్పుంది, దాన్ని ఫలానా స్కాలర్ గుర్తించారు, అసలు ఫైళ్ళు ఇవీ. తర్వాత జరిగేది ఆ ఫైళ్ళను బట్టి ఉంటుంది. సరైన ఆక్టిన్ దొరికి, నిర్ధారణ మారకపోతే చిన్న సవరణ వేస్తారు. అసలు డేటా లేదు, గ్రాఫ్‌ను నమ్మలేం అనుకుంటే పేపర్‌ను ఉపసంహరిస్తారు. తేలడానికి సమయం పడుతుందనుకుంటే మధ్యలో "ఈ పేపర్ మీద సందేహం ఉంది" అని ఒక నోటీసు పెడతారు. కోప్ అనే సంస్థ ఉంది, ప్రచురణ నైతికత కమిటీ, 1997లో బ్రిటన్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు మొదలుపెట్టారు. దాని మార్గదర్శకాలు ఈ మూడింటికీ తేడా చెబుతాయి. ఉపసంహరణ అంటే శిక్ష కాదు, నమ్మలేని ఫలితాన్ని రికార్డులోంచి తప్పించడమని, నిజాయితీగా జరిగిన పొరపాటుకూ ఉపసంహరణ ఉంటుందని అవి చెబుతాయి. నోటీసులో కారణం, కోరింది ఎవరు అన్నది రాయాలి. "రచయితలే గుర్తించి తెలిపారు" అన్న వాక్యం ఆ నోటీసులో ఉండటానికి, లేకపోవడానికి మీ కెరీర్‌లో చాలా తేడా ఉంటుంది.

2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్, 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన తమ పేపర్‌ను 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఫలితం మళ్ళీ రాలేదు. మొదటి రచయిత నోట్‌బుక్‌లో ముఖ్యమైన ప్రయోగాల ఎంట్రీలు, అసలు డేటా లేవని తేలింది. ఆ సంగతి ఆవిడే బయటపెట్టి, తాను సరిగ్గా చూడలేదని చెప్పి క్షమాపణ కోరారు. నోబెల్ గ్రహీతకు, ఫెలోషిప్ అయిపోతున్న స్కాలర్‌కు పోలిక లేదని నాకు తెలుసు. ఆవిడ ఉద్యోగం వెతుక్కునే స్థితిలో లేరు, మీకు ఉద్యోగం ఇంకా రావాలి. ఈ ఉదాహరణ మీకోసం కాదు. మీ సార్ దగ్గరకు వెళ్ళేటప్పుడు పనికొస్తుందని చెప్పాను. "బయటపెడితే పరువు పోతుంది" అన్నది ఆయన భయమైతే, పరువు పోకుండా బయటపెట్టిన గైడ్‌లు ఉన్నారని చూపించవచ్చు.

ఆయన దగ్గరకు వెళ్ళే పద్ధతి కూడా ఆలోచించండి. ఆయన గదిలో వేరే స్కాలర్లు ఉన్నప్పుడు వద్దు. కాగితం మీద రెండు బొమ్మలు, నోట్‌బుక్ పేజీల కాపీలు పెట్టుకుని వెళ్ళండి. "సార్, మనమే ముందు రాస్తే మీరే సరిదిద్దినట్టు ఉంటుంది. వేరేవాళ్ళు రాస్తే మనం జవాబు చెప్పుకోవాలి" అన్న మాట నిజం, ఆయనకు అర్థమయ్యే మాట కూడా. జర్నల్‌కు ఉత్తరం మీరు డ్రాఫ్ట్ చేసి తీసుకెళ్ళండి. బయటికి వచ్చాక, మాట్లాడుకున్నది నాలుగు వాక్యాల్లో ఆయనకే మెయిల్ చేయండి, మర్యాదగా, "ఈ రోజు మీరు సమయమిచ్చినందుకు థాంక్స్ సార్" అని మొదలుపెట్టి.

ఆయన ఒప్పుకోకపోతే మూడో దారి, మీరే జర్నల్‌కు రాయడం. మీరు రచయిత కాబట్టి ఆ హక్కు మీకుంది. కానీ జరగబోయేది ముందే తెలుసుకోండి. ఎడిటర్ మీ మాట విని పేపర్ తీసేయరు. రచయితలందరికీ రాస్తారు, మీ సార్‌కూ, హెడ్‌కూ, ఆ చూడని ప్రొఫెసర్‌కూ. వివరణ అడుగుతారు. చాలకపోతే యూనివర్సిటీని విచారించమంటారు. దీనికి నెలలు పడుతుంది, ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు, ఆ నెలలన్నీ మీరు అదే ల్యాబ్‌లో అదే గైడ్ కింద ఉంటారు. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. అందుకే ఈ దారి పట్టేముందు యూనివర్సిటీలో ఒకరికైనా తెలిసి ఉండాలి. మీ రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీలో గైడ్ కాకుండా ఉన్న సభ్యుల్లో మీరు నమ్మే ఒకరు, లేదా రీసెర్చ్ డీన్. 2018 నిబంధనల ప్రకారం డిపార్ట్‌మెంట్ స్థాయిలో ఒకటి, సంస్థ స్థాయిలో ఒకటి అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెళ్ళు ఉండాలి. అవి ముఖ్యంగా కాపీ కొట్టడం గురించి పెట్టినవి, బొమ్మల సంగతి వాటికి సరిగ్గా అమరదు. పైగా మీ డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కు హెడ్డే పెద్ద అయితే, ఆయన పేరు పేపర్ మీదే ఉంది. అందుకని డీన్‌కు రాయడమే మేలు. జర్నల్ కోప్ సభ్యురాలై ఉండి, రాసినా పట్టించుకోకపోతే కోప్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కోప్ మీ బ్లాట్ చూడదు, జర్నల్ తన పద్ధతి పాటించిందా లేదా అన్నదే చూస్తుంది.

పేరు లేకుండా పబ్‌పీర్‌లో మీరే పెట్టేయాలన్న ఆలోచన కూడా వచ్చి ఉండవచ్చు. వద్దంటాను. ఇప్పటికే గైడ్‌తో రెండుసార్లు మాట్లాడారు, అది ఎవరు పెట్టారో ఆయన ఇట్టే పోల్చుకుంటారు. నేరుగా చెప్పిన గౌరవమూ దక్కదు, దాగిన రక్షణా ఉండదు.

ఇప్పుడు మిమ్మల్ని అన్నిటికంటే భయపెట్టిన మాట: "పేపర్ లేకుండా థీసిస్ ఎలా?" యూజీసీ 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు కనీసం ఒక పేపర్ రావాలన్న షరతు ఉండేది. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త పీహెచ్‌డీ నిబంధనల్లో అది తీసేశారు. అయితే యూనివర్సిటీలు తమ సొంత నిబంధనల్లో దాన్ని ఉంచుకోవచ్చు, చాలాచోట్ల ఉంచుకున్నారు. కాబట్టి మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ నిబంధనల ప్రతిని, మీరు చేరిన సంవత్సరానికి వర్తించేదాన్ని, తెచ్చుకుని చదవండి. ఎవరి నోటి మాటా తీసుకోకండి, గైడ్‌దైనా ఆఫీసు గుమాస్తాదైనా. పేపర్ అక్కర్లేదని అందులో ఉంటే మీ మెడ మీద కత్తి తొలగినట్టే. ఆ బ్లాట్ లేకుండా, మీ చేత్తో చేసిన పనితోనే అధ్యాయం రాయవచ్చు. ఫలానా ఫిగర్‌ను ఎందుకు చేర్చలేదో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. వైవాలో అడిగితే దాచకుండా చెప్పండి. పేపర్ కావాల్సిందే అని ఉంటే, సవరణ అయ్యాక అదే పేపర్ పనికొస్తుంది. ఉపసంహరణ అయితే మీ పనితో వేరే పేపర్ రాయాలి, ఆరు నెలలో ఏడాదో ఆలస్యం. ఆ ఆలస్యం చిన్నదని చెప్పను. ఫెలోషిప్ లేని ఏడాది ఇంట్లో ఎలా గడుస్తుందో మీకే తెలుసు. అందుకే ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి ఇప్పుడే కొంత చెప్పి ఉంచండి. బ్లాట్లు వాళ్ళకు అర్థం కానక్కర్లేదు, ఆలస్యం కావచ్చన్నది తెలిస్తే చాలు.

పది రోజుల పేపర్ దారి మాత్రం పట్టకండి. ఇందులో నాకు మొహమాటం లేదు. అదే డేటాను రెండో జర్నల్‌కు పంపడమే ఒక తప్పు, అందులో ఆ బొమ్మ ఉంటే తప్పు రెండింతలు. ఇక డబ్బు కడితే పది రోజుల్లో వేసే జర్నల్లో ఎవరూ ఏమీ చదవరు. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక విలేఖరి, ఏ సమీక్షకుడైనా పట్టుకోగల తప్పులతో కావాలనే రాసిన నకిలీ పేపర్‌ను 304 జర్నళ్ళకు పంపితే సగానికి పైగా, 157 జర్నళ్ళు, అంగీకరించాయి. మన హైదరాబాద్‌ కేంద్రంగా నడిచే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. సమీక్ష గురించి, ఫీజుల గురించి పరిశోధకులను తప్పుదారి పట్టించిందన్నది అభియోగం. 2019లో అక్కడి కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఈ వ్యాపారం మనకు దూరాన ఉన్నదేమీ కాదు. డబ్బు తీసుకునే జర్నళ్ళన్నీ చెడ్డవని కూడా అనుకోవద్దు, అందరికీ ఉచితంగా చదవనిచ్చే మంచి జర్నళ్ళు ఎన్నో రచయితల దగ్గర ఫీజు తీసుకుంటాయి. తేడా ఫీజులో లేదు, అంగీకారం ఎప్పుడొస్తుందో ముందే చెప్పడంలో ఉంది. సమీక్షకులు ఏమంటారో తెలియకుండా పది రోజులని ఎవరూ మాట ఇవ్వలేరు. "యూజీసీ కేర్ లిస్టులో ఉంది" అని ఎవరైనా చూపిస్తే, నమ్మదగిన జర్నళ్ళంటూ పెట్టిన ఆ లిస్టునే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసిందని, జర్నల్‌ను ఎంచుకునే పని సంస్థలకూ పరిశోధకులకూ వదిలేసిందని గుర్తుంచుకోండి.

మీరు చూడని ప్రొఫెసర్ పేరు గురించి. పని చేయనివారి పేరు పెట్టడం తప్పే, పైన చెప్పిన నాలుగు షరతుల్లో ఆయన ఒక్కటీ దాటరు. మన డిపార్ట్‌మెంట్లలో ఇది ఎంత మామూలో మీకు తెలుసు, దాన్ని తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. కానీ ఆ సంగతిని ఈ ఉత్తరంలో కలపకండి. రచయితల తగాదాలను జర్నళ్ళు తీర్చవు, యూనివర్సిటీకి పంపేస్తాయి. రెండూ ఒకే ఉత్తరంలో రాస్తే బొమ్మ విషయం పక్కకుపోయి, మీకూ గైడ్‌కూ పడటంలేదన్న కథ మిగులుతుంది. సవరణకు ఎలాగూ రచయితలందరి అంగీకారం అడుగుతారు. అప్పుడు ఆ ప్రొఫెసర్ కూడా తన పేరున్న పేపర్ చదవక తప్పదు.

మీ సార్ చేసిన మేలు గురించి రాశారు. నాన్నగారి ఆపరేషన్‌కు డబ్బు సర్దిన మనిషిని ఇబ్బంది పెడుతున్నానన్న బాధ చాలా సహజం. ఆ రుణం తీర్చుకోవడానికి మీకు జీవితమంతా ఉంది, తప్పు తెలిసి దాచిపెట్టడం మాత్రం దానికి చెల్లు కాదు. ఇంకో మాట, ఆయన చెప్పిన "ఎవరూ అడగలేదు" అన్నదాన్ని నేను దురుద్దేశంగా చదవలేదు. కరెస్పాండింగ్ ఆథర్‌గా ఆ బ్లాట్లు సరిగ్గా చూడాల్సింది ఆయన, బహుశా చూడలేదు. ఆ భయంలో ఉన్న మనిషికి మీరు తెచ్చిన కాగితాలు ముందు ముప్పులా కనిపిస్తాయి. కొంత సమయమివ్వండి. అలాగని ఆ సమయానికి అంతు లేకుండా వదలకండి.

నా అభిప్రాయం అడిగితే, రికార్డు సరిదిద్దాలి. గైడ్ ద్వారా అయితే మంచిది, కాకపోతే డీన్‌కు తెలియజేసి మీరే రాయాలి. ఎప్పుడు రాయాలన్నది మాత్రం మీ ఇంటి పరిస్థితి, మీ యూనివర్సిటీ నిబంధనలు చూసుకుని మీరే నిర్ణయించాలి. థీసిస్ సబ్మిట్ చేశాక రాస్తానంటే తప్పు పట్టను, థీసిస్‌లో ఆ బొమ్మ లేనంతవరకు, మీరు గమనించిన తేదీకి మెయిల్ సాక్ష్యం ఉన్నంతవరకు. వైవా అయ్యేదాకా ఆగుతానంటే కొంచెం ఆలోచించమంటాను, ఎందుకంటే ఆ మధ్యలో వేరెవరైనా రాస్తే మొదట చెప్పిన స్థానం మీది కాకుండా పోతుంది. ఈలోపు ఉద్యోగ ఇంటర్వ్యూలు వస్తే బయోడేటాలో ఆ పేపర్ పక్కన "సవరణ కోరాం" అని రాయవచ్చు, కానీ నిజంగా కోరిన తర్వాతే.

ఈ వారం చేయదగినవి ఫైళ్ళు వెతకడం, నిబంధనల ప్రతి తెచ్చుకోవడం, సీనియర్‌కు మెయిల్. ఆయనకు రెండు వారాలు గడువిచ్చి, జవాబు వచ్చినా రాకపోయినా గైడ్ దగ్గరకు వెళ్ళండి. ఆయన మళ్ళీ కాదంటే, డీన్‌కు పంపేముందు ఆ డ్రాఫ్ట్ నాకు పంపండి. ఎక్కడైనా నిందలా ధ్వనించే మాట ఉంటే కలిసి తీసేద్దాం.